బతికున్నోణ్ని మోసే తీరు

రెండువేల ఐదు ప్రాంతం. బహ్రెయిన్‌లోని జల్లాఖ్‌లో మిట్టమధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డాం. మా లేబర్ క్యాంపువాడొకడు, జగిత్యాల మనిషి, ఎండకు సొమ్మసిల్లి పడిపోయాడు. క్లినిక్ రోడ్డుకు అవతలే ఉంది. దొరికిన చెక్కపలక మీద వాణ్ని పడుకోబెట్టి, ఊళ్లో అలవాటైన తీరునే నలుగురం భుజాల మీదికి ఎత్తుకున్నాం.

"దించుండ్రి!"

అరిచింది బస్సు కోసమే నిలబడ్డ ఒక తెలుగావిడ. యాభై దాటి ఉంటాయి.

"భుజాల మీద మోసేది పీనుగను. ఈయన బతికున్నడు. చేతులు కిందికి దించి పట్టుండ్రి. అడుగులు కలపకుండ్రి, పలక ఊగుతది."

ఆమె చెయ్యెత్తి రోడ్డు మధ్యకు నడిస్తే కార్లన్నీ ఆగిపోయాయి. వెనకే మేం. క్లినిక్‌లో సెలైన్ సగం ఎక్కేసరికి వాడు కళ్లు తెరిచి, "డ్యూటీకి లేటయిందా?" అన్నాడు. నలుగురం ఒక్కసారే ఈల వేశాం.

"మీరు డాక్టరమ్మనా?" అని ఆవిడను అడిగాను.

"ఫౌజుల, మిలిటరీ దవాఖానల నర్సుగ చేసిన బిడ్డా. రిటైరయినంక యూనిఫాం పెట్టెల పెట్టిన. ఈ గొంతు ఏ పెట్టెల పడ్తది?" అని నవ్వి, బస్సు కోసం మళ్లీ రోడ్డు దాటింది.

పేరు అడగడం మరిచాం. జగిత్యాలవాడు మాత్రం ఇప్పటికీ, ఏ పెళ్లిలో కలిసినా, మీసం తిప్పి చెబుతాడు: "నన్ను పాడె మీదికెల్లి దించింది ఒక ఫౌజీ అమ్మ!"