చిచ్చా ముట్టని ఫాతిహా అన్నం

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి నడుస్తుంటే ఒక అత్తరు దుకాణంలోంచి ఊదు పొగ వచ్చింది. కాళ్లు ఆగిపోయాయి. ఎల్బీనగర్‌లో మా పాత కిరాయి ఇల్లు, దాదీ, చిచ్చా, వాళ్లిద్దరి మధ్య అన్నం గిన్నె గుర్తొచ్చాయి.

మాది నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. మాట తెలుగు, నమాజు అరబ్బీ, తిట్లు మాత్రం ఉర్దూ. ఏటా తాత పోయిన రోజున మా నాన్నమ్మ, అంటే దాదీ, బగారా అన్నం, దాల్చా వండేది. ఊదు వేసి, ఆ అన్నం ముందు ఖురాన్ వాక్యాలు చదివించి, పుణ్యం తాతకు చేరాలని దువా చేయించేది. అదే ఫాతిహా. అది అయ్యాకే మాకు ముద్ద. అప్పటిదాకా ఆ వాసనకు ప్రాణం లాగేసేది.

మా చిన్నాన్న, చిచ్చా, బడంగ్‌పేట్‌లో ఒక మసీదులో పాఠాలు వినీ వినీ సలఫీ అయ్యాడు. అదేమిటని అడిగితే ఓపిగ్గా చెప్పేవాడు. సలఫ్ అంటే ముందు నడిచినవాళ్లట: ప్రవక్త సహచరులు, వాళ్ల తర్వాతి రెండు తరాలు. ఖురాన్‌నీ ప్రవక్త మాటల్నీ వాళ్లు ఎలా అర్థం చేసుకున్నారో అలాగే నడవాలి, తర్వాత ధర్మంలో కలిపినవి వదిలెయ్యాలి. పేరు మనకు కొత్త గానీ బాట పాతదేనని ఆయన వాదన.

ఆ ఏడు చిచ్చా గడప దగ్గరే నిలబడ్డాడు. “అమ్మీ, చదివించిన అన్నం నేను తిన. గా తొలి తరాలోళ్లు ఇట్ల చెయ్యలే.”

“మీ అబ్బా నోటికాడిది తీసి నీకు పెట్టిండు. ఆయన పేర్న ఒక్క ముద్ద తినవా?”

“ఆయన కోసం దువా చేస్త. గిది వద్దు.”

“అయితే నేనూ తిన. ఇగ నీ చేతి నీళ్లు తాగ.”

మా నాన్న గొంతు లేచింది. “ఇంట్ల ఉంటే ఇంటి తీరు ఉండు. లేకుంటే పో!” చిచ్చా చెప్పులు తొడిగాడు. నాకు భయమేసింది. వెళితే ఆయన మళ్లీ రాడు, దాదీ మళ్లీ పిలవదు. మొండితనంలో కొడుకు అచ్చం తల్లి పోలికే.

దాదీయే నోరు విప్పింది. “నిలువు. నువ్వు చెప్పే గా ఎనకటోళ్లు ఆకలైనోళ్లకు పెట్టిండ్రా?”

“పెట్టిండ్రు. పోయినోళ్ల పేర్న దానం చెయ్యొచ్చు.”

“అన్నం మీద ఇంకా చదవలే. సగం తీస్కపో, పంచిరా.”

చిచ్చా కుండ భుజానికెత్తుకున్నాడు. దవాఖాన ముందు కాచుకున్నవాళ్లకు పంచి వచ్చి, తల్లి పక్కన కూర్చుని, కుండ అడుగున మిగిలిన మాడు గీక్కుని తిన్నాడు. మిగిలిన సగం మీద ఫాతిహా చదివించినా, అప్పటిదాకా దాదీ పస్తే. ఆయన నోట్లో ముద్ద పడ్డాకే ఆమె తన ఫాతిహా అన్నం ముట్టింది.

ఇద్దరూ కన్నుమూశారు. ఇప్పుడు వండి పంచేది నేను. మొన్న కూడా ఊదు కొన్నాను, దాదీ కోసం. వెలిగించను, చిచ్చా కోసం. ఎవరిది ఒప్పో తేల్చడానికి నా చదువు చాలదు. ఆ ఇద్దర్నీ ఇంకొక్కసారి పక్కపక్కన కూర్చోబెట్టి వడ్డించాలని ఉంది, అందుకు కాలం ఒప్పుకోదు.