ప్రాబబ్లీగారు

సత్తెనపల్లిలో మా పక్క వాటాలో అద్దెకుండే వ్యవసాయం ఆఫీసరుగారికి రైతులు పెట్టిన పేరు ప్రాబబ్లీగారు. ఎవరేం అడిగినా గడ్డం నిమురుకుని, "ప్రాబబ్లీ పండుతుందయ్యా" అనేవారు.

బడి ముఖం చూడని నాకు ఇంట్లో కూర్చోబెట్టి ఇంగ్లీషు నేర్పిన పుణ్యాత్ముడాయన. ఒకసారి అడిగాను: "ప్రాబబ్లీ అంటే బహుశా అనేగా, బాబాయిగారూ?"

"బహుశాలో అనుమానం ఎక్కువమ్మా. ఇందులో నమ్మకమే ఎక్కువ. మాట మాత్రం ఇవ్వదు," అన్నారు.

తర్వాత తల దించుకుని చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో "తప్పకుండా పనిచేస్తుంది" అని ఒక కౌలు రైతుచేత మిరప నారుమళ్ళన్నిటికీ ఏదో మందు కొట్టించారట. నారంతా మాడిపోయింది. ఆ ఏడు అతనికి తోటే లేదు.

ఒక ఏరువాకనాడు ఆ రైతే మా అరుగు దగ్గరికి వచ్చాడు. ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"కొత్త పత్తి గింజ వచ్చిందంటగా. వెయ్యమంటారా?"

"ప్రాబబ్లీ..."

"ఆ ఇంగ్లీషు ఆపండి సారూ! పండుద్దా, పండదా?"

ఆయన గడ్డం మీంచి చెయ్యి తీసేశారు. "పండుతుందనే అనుకుంటున్నానయ్యా. ఖాయంగా నాకు తెలియదు. ఈ ఏడు అరెకరంలో వేసి చూడు. మిగతాదాంట్లో పాత గింజే వెయ్యి."

రైతు నవ్వాడు. "అప్పుడూ ఇట్టా చెప్పుంటే ఒక్క మడికే కొట్టేవోణ్ణి గదండీ."

ఆ మాటలో కోపం ఏ కోశానా లేదు. అందుకే కాబోలు, ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.