ఒంటిచేత్తో ఒక్క నొక్కు

ఇది యుద్ధగాథ. ఇందులో కాల్పులున్నాయి, నెత్తురుంది, బయటపడ్డ పేగులున్నాయి, నేలకొరిగినవాడు ఒకడున్నాడు. గుండె చిక్కబట్టుకుని చదవండి.

సరే, వదిలేయండి. పేగులు మేకవి. కాల్పులు స్టేప్లర్‌వి. యుద్ధభూమి శంషాబాద్‌లో ఒక రేకుల షెడ్డు. నేలకొరిగినవాడు మాత్రం నిజం.

2011 మే నెలలో డ్యూటీలో చేరాను. షాద్‌నగర్ నుంచి బస్సు, దిగాక షేర్ ఆటో, ఆ తర్వాత మట్టిరోడ్డు. ఎండ నలభై మూడు. ఎడమవైపు ప్లాట్ల హద్దురాళ్లు, కుడివైపు గోదాములు, నెత్తిమీద విమానాలు. విమానం దిగుతుంటే షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినబడదు. అందరూ నోరు తెరిచి అలాగే ఆగేవాళ్లు. అది పోయాక మిగతా సగం మాట చెప్పేవాళ్లు.

అంతకుముందు నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. మోకాలు పోయి బయటికొచ్చాను. శత్రువు ప్రమేయం లేదు. వంటశాల మెట్ల మీద ఎవరో పప్పు ఒలకబోశారు.

షెడ్డులో తయారయ్యేవి సర్జికల్ స్టేప్లర్లు. ఆపరేషన్‌లో పేగు కోసినప్పుడు అంచులను సన్నటి లోహపు పిన్నులతో మూసే పనిముట్లు. వాటి భాష చూడండి: పిన్నుల డబ్బీ కార్ట్రిడ్జ్, అడ్డుగడియ సేఫ్టీ, నొక్కితే ఫైర్. ఈ మాటలు విన్న యజమాని, వీటిని పరీక్షించడానికి మాజీ సైనికులే తగినవాళ్లని తేల్చేశాడు. అలా పరీక్ష బల్ల దగ్గర నలుగురం చేరాం. మా పైన ఒక రిటైర్డ్ సుబేదార్. ఆయన కరచాలనం చేస్తే ఆ పూట అన్నం ఎడమచేత్తో తినాల్సిందే.

పొద్దున్నే నా మొదటి పని, మటన్ దుకాణం యాదన్న దగ్గర మేక పేగులు తేవడం.

“ఏంది ఫౌజీ, రోజూ గిన్ని పేగులు ఏం జేస్తరు? బోటి తినీ తినీ సస్తరు మీరు.”

“తినం అన్నా. కోసి కుడతం.”

“కుట్టినంక?”

“నీలం నీళ్లు పోసి, కారుతుందా లేదా చూస్తం.”

“జర ముందే చెప్తే మేక గూడ ఖుషీగ వస్తుండె,” అన్నాడు యాదన్న, కత్తి నూరుకుంటూ.

స్టేప్లర్ గీసిన ఇంజనీరు భీమవరం కుర్రాడు. తన కష్టం మాకు ఇలా చెప్పాడు.

“పిన్ను బాగా బిగిస్తే రక్తం అందక అంచు చచ్చిపోతుందండీ. వదులైతే కారుతుంది. దళసరి పేగుని సమంగా నొక్కాలంటే దవడలు లావుండాలి. లావైతే పొత్తికడుపు లోతుకి వెళ్లదు. సన్నం చేస్తే కొస వంగిపోయి, చివరి పిన్నులు సరిగా ముడుచుకోవు. అందుకని సన్నంగానే ఉంచి, గట్టి ఉక్కు వేసి, బిగువు పెంచాను. ఇప్పుడు పిడి నొక్కడం కష్టమైపోయింది.”

“పిడి పొడుగు చెయ్యి,” అన్నాడు సుబేదార్.

“అప్పుడు వేళ్లు అందవండీ.”

కుర్రాడు ఇంకో దారి వెతికాడు. ఒక్క నొక్కు బదులు రెండు నొక్కుల పిడి. ఒక్కో నొక్కుకు సగం బలం చాలు. కాని లోపల పళ్లచక్రాలు ఎక్కువ. మా బల్ల మీద ఒకసారి సగంలో ఇరుక్కుంది, మేక పేగును కరిచిపట్టుకుని వదల్లేదు. మనిషి కడుపులో అలా జరిగితే ఎట్లా? యజమాని భయపడి రెండు నొక్కులు వద్దన్నాడు. ఆ భయం అన్యాయమైంది కాదు.

సుబేదార్ పాత పిడి అందుకున్నాడు. టక్.

“ఒక్క నొక్కు, ఖేల్ ఖతం. సగం పేలి ఆగే తుపాకి ఎవనికి గావాలె?”

మేం నలుగురం గ్లౌజులు తొడుక్కుని వరసగా నొక్కాం. నాలుగు టక్‌లు. నీలం నీళ్లు ఒక్క చుక్క కారలేదు.

“సార్, డాక్టర్లల్ల పహిల్వాన్లు తక్కువ,” అన్నాను.

“డాక్టరు గూడ అన్నమే తింటడు గదరా?”

అందరూ నవ్వారు. ఒక్క నొక్కు పాసైంది.

మరుసటి ఏడు యాదన్న పెద్దపేగులో గడ్డ తేలింది. విదేశీ స్టేప్లర్ ధర అతనికి అందేది కాదు. అందనందుకు బాధ కూడా పడలేదు.

“నా పేగుల మీదనే మీ షెడ్డు నడిచింది. నాది గూడ మీ దాంతోనే కుట్టున్రి,” అన్నాడు.

ఆపరేషన్ థియేటర్‌లో పక్కన నిలబడి చూపించడానికి కంపెనీ నన్ను పంపింది. డాక్టరమ్మ సన్నటి మనిషి. పీట ఎక్కి నిలబడి ఆపరేషన్ చేస్తోంది. మా పనిముట్టు పట్టడం అదే మొదటిసారి. గడ్డ కింద పేగును దవడల మధ్య పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. సగందాకా వచ్చింది.

“ఇంకా నొక్కాలా?”

“నొక్కాలి మేడమ్. టక్ అనాలి.”

గ్లౌజులో ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. రెండో చేయి కూడా వేసింది. రెండు చేతులూ పిడి మీదే ఉంటే కొసను నిలిపేదెవరు? లోపల కొస వణికింది. చివరికి టక్ అంది. తీసి చూస్తే కొసన నాలుగు పిన్నులు ముడుచుకోకుండా నిలబడి ఉన్నాయి. ఆమె సూది అడిగి, ఆ చోట చేత్తో కుట్టింది.

బయటికి రాగానే సుబేదార్ ఫోను.

“ఫైర్ అయిందా?”

“అయింది సార్.”

“ఎన్ని నొక్కులు?”

“నొక్కు ఒకటే. చేతులు రెండు.”

అటు షెడ్డు మీద విమానం పోయింది. అది పోయేదాకా ఇద్దరం ఆగాం.

“రిపోర్టుల నొక్కులే రాయి,” అన్నాడు.

నేను చేతులూ రాశాను. ఎవరూ చదవలేదు, కాబట్టి ఇందులో వీరత్వం ఏమీ లేదు.

ఐదో రోజు యాదన్నకు జ్వరం. కడుపు బిగుసుకుంది. కుట్టు కారింది. మళ్లీ కోశారు, మలం పోవడానికి పొట్ట మీద సంచీ తగిలించారు. చూడటానికి వెళ్తే కళ్లు తెరిచాడు.

“ఏంది ఫౌజీ, నా పేగు పాసా, ఫెయిలా?”

“నీలం నీళ్లు పోయలేదన్నా.”

“పోయకపోతిరి,” అని నవ్వబోయాడు. నవ్వితే కుట్లు లాగుతాయని ఆగిపోయాడు. ఆ వారం దాటలేదు.

షెడ్డులో విచారణ పెట్టారు. అదే స్టేప్లర్, కొత్త కార్ట్రిడ్జ్. సుబేదార్ ఒంటిచేత్తో నొక్కాడు. టక్. పనిముట్టులో లోపం లేదు, వాడినవారు పూర్తిగా నొక్కలేదు అని తేలింది.

“లోపం లేదండీ,” అన్నాడు ఇంజనీరు, బల్లకేసి చూస్తూ. “సుబేదార్ గారు ఆపరేషన్ చేస్తే.”

ఆ నెలాఖరుకు నేను గేటు దగ్గర కార్డు ఇచ్చేసి షాద్‌నగర్ బస్సెక్కాను. యాదన్న దుకాణం ముందు బస్సు ఆగింది. షట్టరు దించి ఉంది. ఇంటి దగ్గర ఇప్పటికీ అడుగుతుంటారు, మిలిటరీలో చావులు చూశావా అని. మిలిటరీలో చూడలేదు. నాకు కనబడేది ఒక్కటే. ఒక చిన్న పిడి, దాని మీద తడిబట్ట పిండుతున్నట్టు రెండు చిన్న చేతులు, ఇంకా నొక్కాలా అని అడిగే కళ్లు.

డాక్టరమ్మ గ్లౌజు సైజు ఆరు. మా షెడ్డులో ఎనిమిది తప్ప వేరే సైజు ఉండేది కాదు.