సులోచన కుట్టని రవిక

కొండాపూర్‌లో ఐటీ కంపెనీల వెనక గల్లీలో సులోచన కుట్టుమిషన్ చప్పుడు లేని పగలుండదు. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు, వాటి సందులోంచే గల్లీ అందరి మంచిచెడ్డలూ అడుగుతుంది. ఎవరికీ ముఖం మీద కాదని చెప్పదు. నచ్చని పనైతే రేపు రమ్మంటుంది. ఆఫీసుల్లో ఊడ్చే రుక్కమ్మ, తొమ్మిదో తరగతి చదివే కూతురు హర్షిణిని తీసుకొచ్చి, "పెండ్లి రవిక అక్కా. పిల్ల ఎదుగుతది, లోపల జర బట్ట ఎక్కువ విడువు" అన్నప్పుడు కొలతకు తీసిన టేపు సులోచన చేతిలోనే ఆగిపోయింది.

"గింత పిల్లకు పెండ్లేందే?"

"మంచి సంబంధం అక్కా, పోతే మళ్ల దొరకదు."

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే అధికారులొచ్చి పెళ్లి ఆపుతారని సులోచనకు తెలుసు. కానీ రోజూ ముఖాలు చూసుకునే మనుషులు, వాళ్లమీద ఫిర్యాదెందుకు అనుకుంది. రవిక అందకపోతే పెళ్లి దానంతటదే వెనక్కిపోతుందని ఆమె ధీమా. కరెంటు లేదని, లైనింగ్ దొరకలేదని రుక్కమ్మను తిప్పింది. గుడ్డకు కత్తెరే పెట్టలేదు.

మొన్న హర్షిణి మెడలో పుస్తెలతో వచ్చింది. సంచిలోంచి కొత్త రెడీమేడ్ రవిక తీసి, "గిదేసే పెండ్లి చేసిండ్రు పెద్దమ్మా, భుజాలమీద నిలుస్తలేదు. జర బిగించు" అంది. రవిక చేతికిచ్చి, "నువ్వు అమ్మను తిప్పుతుంటే నాకు సంబురమైంది. ఎవలకన్న చెప్పినవేమో, వస్తరేమోనని రోజూ చూసిన" అంది.

ఎవరికీ చెప్పని సులోచన, తలెత్తకుండా, ఆ రవికను పిల్ల ఒంటికి సరిపోయేలా కుట్టి ఇచ్చింది.