మోరి మీద బండలు

మా వీధిలో మురుగు పారే మోరి మీద బండలు లేవు. మొన్న చర్చికి వెళ్తూ అమ్మమ్మ అందులో పడబోయింది. ఆ సంగతి ఈ రోజు మున్సిపల్ సమావేశంలో వస్తుందేమోనని వెళ్లి వెనక కూర్చున్నాను.

మా వార్డు కౌన్సిలర్ ఒక అక్క. ఆమె తరఫున ఎప్పుడూ భర్తే మాట్లాడతాడట. ఈసారి ఆయన్ని లోపలికి రానివ్వలేదు. అక్క లేచి మోరి గురించి మొదలుపెట్టగానే ఆయన కిటికీలోంచి అందుకున్నాడు.

"గా మోరి కాదే, బోధన్ రోడ్డు ముచ్చట తియ్యి!"

"నువ్వు బండి మీద వోతవ్. నడిచేది నేను. మోరి సంగతి నాకెరుక," అంది అక్క, అటు తిరగకుండానే.

అందరూ నవ్వారు. బండలు మంజూరయ్యాయి.

ఈ రాత్రి వాళ్లింట్లో ఏం మాట్లాడుకుంటారో తెలుసుకోవాలని ఉంది. మీ వార్డు తరఫున మాట్లాడేది ఎవరు?