గ్రేసమ్మ టీచరు కొన్న లేత్

అది పందొమ్మిది వందల డెబ్బై నాలుగు. తిరువూరు బస్టాండు వెనక సందులో నాకో లేత్ షాపు ఉండేది. రేకుల షెడ్డు, ఆరడుగుల లేత్ ఒకటి, డ్రిల్లింగ్ మిషను ఒకటి. ఇనప కడ్డీని గిర్రున తిప్పుతూ పదునైన టూలుతో చెక్కి, కావలసిన కొలతకు తెచ్చేదే లేత్. ఎ.కొండూరు, గంపలగూడెం వైపు నుంచి రైతులు ఆయిలింజన్లూ పంపుసెట్లూ బండ్ల మీద తెచ్చేవాళ్ళు. పనికి కొదవ లేదు. పని ఎక్కువున్నవాడికి వచ్చే పొగరు కూడా నాకు బాగానే ఉండేది.

ఆ రోజు పొద్దున పది గంటలప్పుడు షాపు ముందు రిక్షా ఆగింది. అందులోంచి ముప్పై అయిదేళ్ళ ఆవిడ మెల్లగా దిగింది. ఎడమ చేతికి సిమెంటు కట్టు, కుడి చేతిలో కర్ర. ఎడమ కాలికి తోలు పట్టీలు, రెండు ఇనప బద్దలు. వెనకే తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసే ప్రభుదాసు గారు దిగాడు. ఆయన నాకు తెలుసు. ఆవిడ ఆయన భార్య గ్రేసమ్మ, హైస్కూల్లో లెక్కల టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆ కాలు చచ్చుబడిందట.

ఆవిడ నేరుగా నా దగ్గరికొచ్చి, మిషను పక్కనున్న ట్రేలో ఓ పిన్ను పడేసింది. చిటికెన వేలంత లేదు. మధ్యలో వంగిపోయి ఉంది.

"ఇది చేసింది మీరేగా?"

చూడగానే గుర్తుపట్టాను. నెలన్నర కిందట ప్రభుదాసు గారు అరిగిపోయిన పాత పిన్ను తెచ్చి, "కాలిపరు తాలూకు పిన్ను, ఇలాంటిదే చెయ్యి మేస్త్రీ" అన్నాడు. మా పనిలో కాలిపరు అంటే కొలిచే సాధనం. ఆఫీసులో సర్వే సామాను కాబోలనుకున్నాను. పాత పిన్ను పక్కన స్కేలు పెట్టి చూసి, మూల పడున్న బోల్టు ముక్కను చక్‌లో బిగించాను. చక్ అంటే కడ్డీని పట్టుకుని తిప్పే దవడలు. పది నిమిషాల్లో చెక్కి ఇచ్చేశాను.

"నేనేనండి" అన్నాను.

"కాలికి కట్టుకునే దీన్ని కూడా కాలిపరే అంటారు. మోకాలి దగ్గర ఈ బద్దలకి కీలు ఉంది. కూర్చోవాలంటే మడవాలి. నిలబడ్డప్పుడు ఈ రింగు కిందికి జారి కీలుని బిగించెయ్యాలి. ఆ కీల్లో ఉండే పిన్ను ఇది. మీ పిన్ను వంగింది, రింగు సరిగ్గా కూర్చోలేదు, స్కూలు మెట్ల మీద మోకాలు మడతపడింది. అరవై మంది పిల్లల ముందు బోర్లా పడ్డాను. చెయ్యి విరిగింది."

నేను చెప్పిన మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను. "పంపుసెట్టు పిన్ను లాంటిదేగా అనుకున్నానండీ" అన్నాను.

"పంపుసెట్టు పడిపోతే లేపి పెడతారు. దానికి నొప్పి పుట్టదు."

ప్రభుదాసు గారు "పోనీలే గ్రేసూ" అనబోయాడు. ఆవిడ ఆయనకేసి కూడా అంతే కోపంగా చూసింది. "మీరు మాత్రం? ఇది కాలికి వేసుకునేదని ఒక్క ముక్క చెప్పొద్దూ?"

ఆవిడ నా వైపు తిరిగింది. "కొత్త కీలు కావాలంటే రాయవేలూరు ఆస్పత్రికి రాయాలి. అది వచ్చేసరికి నెలలు. ఇక్కడేమో మీ చేతి పని ఇది. అందుకని నా కాలికి కావలసింది నేనే చేసుకుంటాను. ఇంట్లో పెట్టుకునే చిన్న లేత్ ఏది కొనాలో మీరు చెప్పాలి. మీరు చేసినదానికి అది మీ బాధ్యత."

నాకు ఒళ్ళు మండింది. తప్పు తెలిసినవాడికే ముందు కోపం వస్తుంది. "అమ్మా, లేత్ అంటే అప్పడాల కర్ర అనుకున్నారా?" అన్నాను.

"కాదని తెలుసు. అంగుళంలో వెయ్యో వంతుని మీరు థౌ అంటారట. వెయ్యో వంతంటే ఏంటో నేను రోజూ పిల్లలకి చెప్తాను. మీరే మర్చిపోయినట్టున్నారు."

రిక్షా వెళ్ళిపోయాక మైక్రోమీటరు తీశాను. థౌల్లో కొలిచే సాధనం అది. కొని ఏడేళ్ళయింది, పెద్ద పనులకి తప్ప పెట్టె తెరిచేవాణ్ణి కాదు. పిన్ను వంగని చోట కొలిచాను. ఒక చివర కంటే రెండో చివర ఆరు థౌలు సన్నం. పైగా నేను కొలత తీసుకున్నది అరిగిపోయిన పిన్ను మీద. అరిగినదాన్ని చూసి చేస్తే కొత్తది కూడా అరిగినట్టే పుడుతుంది. పని నేర్చుకునేవాడు మొదటి నెలలో నేర్చుకునే మాట అది. ఇక బోల్టు ఇనుమంటారా, మెత్తటి ఇనుము. నా మీద నాకు వచ్చిన కోపానికి ఆ పూట ఎవరి పనీ ముట్టుకోలేకపోయాను.

ఆదివారం వాళ్ళు చర్చి నుంచి వచ్చే వేళకి వాళ్ళింటికి వెళ్ళాను. క్షమించమని అడగబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "అది తర్వాత. ముందు లేత్ సంగతి చెప్పండి."

తెలివిగా చెబుతున్నాననుకుని, "కరెంటు పోతూ ఉంటుంది గదండీ. కాలితో తొక్కే లేత్ అయితే ఆగదు, అది కొనండి" అన్నాను.

ఆవిడ తన కాలి వంక చూసుకుని, తర్వాత నన్ను చూసింది. కాలి కోసం వచ్చి కాలే మర్చిపోయాను. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

చెయ్యి కట్టు విప్పాక ముగ్గురం బెజవాడ వెళ్ళాం. పాత మిషన్లు అమ్మే పెద్ద షాపు. యజమాని ప్రభుదాసు గారికి కుర్చీ వేసి, "ఏంటి సార్, ఖాళీగా ఉన్నప్పుడు కాలక్షేపానికా?" అన్నాడు.

"ఆయనకి కాదు, నాకు" అంది టీచరు.

అతను నవ్వాడు. "మేడంగారికైతే కుట్టు మిషన్లు పక్క వీధిలో దొరుకుతాయండి."

ఆవిడ మొహం ఎర్రబడింది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. నాలుగు వారాల కిందట అప్పడాల కర్ర అన్న నోరు నాది. అదే మాట ఇంకోడి నోట వింటే ఎంత అసహ్యంగా ఉందో అప్పుడు తెలిసింది.

అతను ఆకుపచ్చ రంగు వేసి మెరుస్తున్న చిన్న లేత్ చూపించాడు. "కొత్తదాని కింద లెక్క" అన్నాడు. లేత్‌కి ప్రాణం దాని బెడ్. టూలుని మోసే భాగం అటూ ఇటూ జారే పట్టాల్లాంటిది. ఎక్కువ పని చక్ దగ్గరే జరుగుతుంది గనక పాత మిషన్లో ఆ చోటే అరుగుతుంది. జారే భాగాన్ని చక్ దగ్గర కాస్త బిగువుగా సర్ది, రెండో చివరకి తిప్పాను. సగం దూరంలోనే పట్టేసింది. అంటే ఇటు అరిగింది, అటు అరగలేదు. బెడ్ పక్కన రంగు కింద ఏదో ఎత్తుగా తగిలింది. చాకు తీసి గీకాను. పొడి పొడిగా లప్పం రాలింది. లోపల గోరు దిగేంత పగులు.

"కొనకుండా గీకుతావేంటయ్యా?" అని అరిచాడు యజమాని.

"ఇది ఎవరికి అంటగడదామని రంగేశావు? ఈ మిషను మీద చేసిన ముక్క ఇరిగితే ఆవిడ నేల మీద పడుద్ది. నీకేం, కుర్చీలో కూర్చుని నవ్వుతావు!" నేనూ అరిచాను. షాపులో ఉన్న నలుగురైదుగురు కొనేవాళ్ళు చుట్టూ చేరారు. ప్రభుదాసు గారు నా చొక్కా పట్టుకుని లాగుతున్నాడు.

టీచరు మాత్రం కర్ర పట్టుకుని మూలకి నడిచింది. అక్కడ గోనెపట్టా కింద రంగు పోయి నల్లగా ఉన్న చిన్న లేత్ ఉంది. మూడున్నర అంగుళాల సెంటరు. అంటే బెడ్ నుంచి తిరిగే ఇరుసు మధ్యకి ఉన్న ఎత్తు. ఇద్దరు మనుషులు మొయ్యగలరు. "దీనికి కూడా అవన్నీ చూడండి" అంది.

చూశాను. బెడ్ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే బిగువుతో నడిచింది. చక్‌లో పొడుగాటి కడ్డీ బిగించి పైకెత్తి చూశాను, ఇరుసు కదల్లేదు. అప్పటికి యజమాని గొంతు తగ్గింది. ఆవిడ అతనితో, "మీ మోటారు తగిలించి ఇక్కడే ఓ కడ్డీ చెక్కించండి. నేను కొలుస్తాను" అంది. వారం ముందే నా దగ్గర మైక్రోమీటరు చదవడం నేర్చుకుంది. ఆరంగుళాల పొడవున మూడు చోట్ల కొలిచి, "ఒక్క థౌ తేడా. ఇది తీసుకుందాం" అంది. ఇంక అతని వంక చూడలేదు.

వాళ్ళింట్లో వరండా పక్క గదిలో పెట్టాం. చెక్క బల్ల మీద పెడితే అదురుతుందని ఇనప యాంగిళ్ళతో స్టాండు చేశాను. ఆవిడ స్టూలు మీద కూర్చుంటే మోచెయ్యి ఎక్కడికొస్తుందో కొలిచి, ఇరుసు ఆ ఎత్తుకు తెచ్చాను. రసమట్టం పెట్టి, లేత్ పాదాల కింద రేకు ముక్కలు సర్ది, మెల్లగా బోల్టులు బిగించాను. ఎగుడుదిగుడుగా బిగిస్తే మంచి బెడ్ కూడా మెలిపడుతుంది. ఇంటి కరెంటుకి నడిచే అర హార్స్‌పవర్ మోటారు పెట్టాం.

మొదటి రోజు, "చీరతో లేత్ దగ్గరికి రాకూడదండీ, కొంగు లాగేస్తుంది" అన్నాను.

"మీరు లుంగీతో పని చేస్తారుగా. అది లాగదా?"

ఆవిడ భర్త పాత ఖాకీ చొక్కా చీర మీద తొడిగి బొత్తాలు పెట్టుకుంది. గాజులు తీసేసింది, జడ ముడేసింది. మర్నాటి నుంచి నేనూ షాపులో పాంటు వేసుకున్నాను.

ఇంకో రోజు చక్ బిగించే తాళంచెవిని దాంట్లోనే మర్చిపోయి స్విచ్చి వైపు చెయ్యి పెట్టాను. ఆ తాళం ఎగిరొస్తే కన్నైనా పోతుంది, పళ్ళైనా రాలతాయి. "ఆగండి!" అని ఆవిడ కేకేసింది. "తాళం చక్‌లో ఉన్నంత సేపూ దాని మీంచి చెయ్యి తియ్యొద్దని నాకు చెప్పింది మీరు కాదూ? చెప్పడానికేనా మీ పాఠాలు?" ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, బడిపిల్లాడిలా నిలబడ్డాను.

ముందు టేకు చెక్క, తర్వాత ఇత్తడి, తర్వాత ఇనుము. టూళ్ళు విరిగాయి, ముక్కలు పాడయ్యాయి. పాడైన ప్రతిసారీ ఆవిడ కోపంతో పెదవి కొరుక్కునేది గాని ఆపేది కాదు. స్కూల్లో హెడ్మాస్టరు "టీచరుగారు కమ్మరి పని మొదలెట్టారట" అని అందరి ముందూ నవ్వాడట. "అవునండి, మీ కుర్చీ కాలు ఊగుతోంది, పంపండి" అందట.

నాలుగో నెలలో అసలు పని పట్టింది. కాలిపరు కీల్లో బెజ్జం అరిగి కోలగా అయింది. దాన్ని రీమరు పెట్టి గుండ్రంగా చేసింది. రీమరు అంటే బెజ్జాన్ని సన్నగా గీకి సరైన కొలతకు తెచ్చే పనిముట్టు. ఆ బెజ్జం కొలిచి, దానికి తగ్గట్టు గట్టి ఉక్కు కడ్డీలోంచి పిన్ను చెక్కింది. కుంపట్లో ఎర్రగా కాల్చి వేరుశనగ నూనెలో ముంచింది. మళ్ళీ కొంచెం కాచి, ఎండుగడ్డి రంగు రాగానే తీసేసింది. అలా చెయ్యకపోతే గాజులా పెళుసుగా ఉంటుంది. రెండో వైపు కీలుక్కూడా ఇంకోటి చేసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

కాలిపరు తొడుక్కుని లేచి నిలబడింది. రింగు టక్కున కిందికి దిగింది. వరండా మెట్లు దిగి, ఎక్కి, మళ్ళీ దిగింది. ప్రభుదాసు గారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ తుడుచుకోలేదు. "ఇంత చిన్న పనికి చెయ్యి విరగ్గొట్టుకోవాల్సి వచ్చింది" అంది. ఆ మాటలో సంతోషం కంటే కోపమే ఎక్కువ ఉంది. అది న్యాయమే.

మరుసటేడు నెమలి అనే ఊరి నుంచి ఓ దర్జీ నా షాపుకొచ్చాడు. అతనిదీ పోలియో కాలే, అరిగిన కీలే. టీచరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను, ఆవిడ చేస్తుందని. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నాకు పరీక్ష పేపర్లున్నాయి. మీరు చెయ్యండి, నేను కొలుస్తాను."

చేసి తీసుకెళ్ళాను. మైక్రోమీటరు పెట్టి చూసి, "వదులు" అని తిరిగిచ్చింది. రెండోది తీసుకెళ్ళాను. "చివర సన్నం." నాకు కోపం నషాళానికంటింది. అది ఆవిడ మీద కోపం కాదని దారిలో తెలిసింది. మూడోది చెయ్యడానికి ఒక పూటంతా పట్టింది. బయట రెండు ఇంజన్లు ఆగి ఉన్నాయి, ఆగనిచ్చాను.

మూడోదాన్ని రెండు చివరలా, మధ్యలో కొలిచింది. బాగుందని అనలేదు. కీల్లో తొడిగి దర్జీకి ఇచ్చింది. "నడవండి" అంది అతనితో. నాతో, "మీరు కూడా చూడండి" అంది.

అతను గేటు దాకా నడిచి వెనక్కి తిరిగాడు. నేను అతని మోకాలి వంకే చూస్తూ నిలబడ్డాను. ఇరవై ఏళ్ళలో నా షాపులోంచి ఎన్ని వేల ముక్కలు బయటికి వెళ్ళాయో తెలియదు. అవి ఎక్కడ బిగించారో, ఎంత కాలం ఆగాయో, ఆగకపోతే ఎవరికేం జరిగిందో ఒక్కసారీ వెళ్ళి చూసినవాణ్ణి కాదు. లేత్ ఆపి ముక్క చేతికిస్తే పని అయిపోయిందనుకునేవాణ్ణి. పని మొదలయ్యేది అక్కడేనని నాకు ఆ వరండాలో తెలిసింది. దర్జీ మెట్టెక్కి, కర్ర గోడకానించి, రెండు చేతులూ వదిలేసి నిలబడ్డాడు.