అన్న జీపుకు నేనేరిన ఫ్లైవీల్

చదవేస్తే ఉన్నమతి పోయిందన్న సామెత నాలాంటి వాణ్ణి చూసే పుట్టి ఉంటుంది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, సర్టిఫికెట్ పట్టుకుని నారాయణఖేడ్‌కు తిరిగొచ్చిన రోజుల్లో నాకు తెలియని బోల్టు లోకంలో లేదనుకునేవాణ్ణి. రెండు వేల అయిదు ప్రాంతం అది. అన్న సవారీ జీపు నడిపేవాడు. పొద్దున ఖేడ్ నుంచి కంగ్టి, మళ్లీ కంగ్టి నుంచి ఖేడ్. మా ఇంటిల్లిపాది తిండీ ఆ జీపులోంచే వచ్చేది. నా చదువూ అందులోంచే వచ్చింది.

జీపు పాతది. నాలుగు గేర్ల డబ్బాలో పళ్లు అరిగిపోయి, మూడో గేరు వేస్తే దానంతటదే ఊడి వచ్చేది. అన్న ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గేరు రాడ్డు అదిమి పట్టి నడిపేవాడు. పళ్లు మార్పిస్తే సరిపోయేది. నేను ఒప్పుకుంటేనా! అయిదు గేర్ల డబ్బా వేయిద్దామని పట్టుబట్టాను. అన్ననూ, ఖేడ్‌లో మా బండి చూసే ముసలి మెకానిక్‌నూ వెంటబెట్టుకుని హైదరాబాదులో పాత సామాన్ల బజారుకు వెళ్లాను. ఆ ముసలాయన్ని అందరూ ఉస్తాద్ అనేవాళ్లు.

డబ్బా దొరికింది. కానీ దానికి క్లచ్ ప్లేటు పెద్దది కావాలి, ప్లేటు పెద్దదైతే మా పాత ఫ్లైవీల్ పనికిరాదు. ఫ్లైవీల్ అంటే ఇంజను వెనక తిరిగే ఇనుప చక్రం. క్లచ్ వెళ్లి పట్టుకునేది దాన్నే. బరువుగా ఉంటే ఇంజను నెమ్మదిగా అందుకుంటుంది, కానీ నిండు బండిని కదిలించేటప్పుడు ఆ తిరిగే బరువే ఒక తోపు తోస్తుంది. తేలికగా ఉంటే ఇంజను చటుక్కున లేస్తుంది, అంతే చటుక్కున పడిపోతుంది. మా ఇంజను బోల్టులకు కుదిరేవి బజారులో రెండే ఉన్నాయి. ఒకటి ఎత్తితే నడుం పట్టేసేంత మందంది. రెండోది ఎవరో పందెం బండి కోసం లేత్ మీద చెక్కించి తేలిక చేసింది.

"బరువుది తీస్కో బేటా" అన్నాడు ఉస్తాద్. "సవారీ బండంటే ఏంది? ఆగుడు, లేసుడు, ఆగుడు, లేసుడు. తేలికది ఖాళీ బండికి ఖుషీ, నిండిన బండికి పరేషాన్."

"గదంత పాత జమానా ముచ్చట ఉస్తాద్" అన్నాను. ఇంజను ఊపిరి పీల్చుకుంటుందన్నాను, గేర్లు వెన్నలా పడతాయన్నాను, డీజిల్ ఆదా అవుతుందన్నాను. డీజిల్ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, అప్పటికప్పుడు నేనే అల్లాను. అరచేతిలో వైకుంఠం చూపించడం నాకు అప్పట్లో బాగా వచ్చు.

అన్న రెండు చక్రాలనూ చూసి, నా ముఖం చూశాడు. "మా తమ్ముడు సదువుకున్నోడు ఉస్తాద్. వాడు చెప్పిందే పట్టుకపోదాం" అన్నాడు.

బిగించిన రోజు ఉస్తాద్ షెడ్డు ముందు నేనే కూర్చుని యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజను ఝామ్మని లేచింది. బస్టాండు దగ్గరి డ్రైవర్లంతా మూగి, అన్న భుజం తట్టారు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద పని చేయించిన బండికి దేవుడి మొక్కు తీరేదాకా మనిషిని ఎక్కించరు, మొదటి ట్రిప్పు ఖాళీగానే పోవాలి. అద్దం మీద శిలువ బొమ్మా, బంపరుకు నిమ్మకాయలూ కలిసే ఉండే జీపు మాది. చర్చి దాకా వెళ్లి, పాస్టరుతో ప్రార్థన చేయించుకుని, నలుగురికీ కనబడేలా ఊరంతా ఒక చుట్టు తిప్పి వచ్చాం. ఖాళీ జీపు గాలిలా పోయింది. నా పరీక్ష అంతటితో సరి. నిండు బండిని ఒక్కసారి కూడా నడిపి చూడకుండా, నెల తిరక్కముందే జహీరాబాద్‌లో ఒక వర్క్‌షాపులో పనికి చేరాను.

నెలకోసారి ఇంటికి వచ్చేవాణ్ణి. అన్న ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తున్నాడని చూశాను. మోకాలికి వదిన నూనె రాస్తుంటే కూడా చూశాను. వాతం అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏమీ అనుకోలేదు. నా జీతం, నా స్నేహితులు, నా కొత్త బూట్లు, వీటిలో అన్న మోకాలికి చోటెక్కడిది?

రెండేళ్ల తర్వాత ఒకసారి అన్నకు జ్వరం వచ్చి, కంగ్టి ట్రిప్పు నేను వేశాను. లోపల పన్నెండు మంది, వెనక వేలాడేవాళ్లు ముగ్గురు, పైన కందుల బస్తాలు. స్టాండులోనే ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసి, గట్టిగా తొక్కి, క్లచ్ సగంలో పట్టి, కాలు వణుకుతుంటే మెల్లగా వదిలితే గానీ బండి కదల్లేదు. ఆ దారిలో స్టాపులంటూ ఉండవు. ఎవరి చేను దగ్గర వాళ్లు దిగుతారు, చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆపాలి. ఆగిన ప్రతిసారీ అదే తంతు. చిన్న ఎత్తు మీద ఆపితే రెండుసార్లు ఆగిపోయింది. సగం దారికే నా తొడ నరాలు పట్టేశాయి. నాకప్పుడు పాతికేళ్లు కూడా లేవు.

పక్కన కూర్చున్న ముసలమ్మ నవ్వింది. "మీ అన్న గిట్ల బందు పడనియ్యడు బిడ్డా. కాలు గుంజుతదని పండ్లు కొరుక్కుంట నడుపుతడు, గని బండిని ఆగనియ్యడు."

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

"గీ బండెక్కెటోళ్లందరికి ఎరుకనే."

కంగ్టి నుంచి తిరిగొచ్చి జీపును నేరుగా ఉస్తాద్ షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన ఎక్కణ్ణుంచో మందపు చక్రం తెప్పించి బిగించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నిండు జీపు ఇప్పుడు ఎద్దులా నిదానంగా, తొణకకుండా కదిలేది. జ్వరం తగ్గాక అన్న ఎక్కి కూర్చున్నాడు. క్లచ్ తొక్కాడు. కాలు సగం దాకా వెళ్లి ఆగిపోయింది. చేత్తో తొడను కిందికి అదిమి చూశాడు. తర్వాత దిగిపోయాడు. మోకీలు లోపల అరిగిపోయిందనీ, ఇక బండి నడపొద్దనీ సంగారెడ్డిలో డాక్టరు చెప్పాడు. ఆయన ఫ్లైవీల్ పేరెత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేదు.

జీపు అమ్మేశాం. అన్న స్టాండులో నిలబడి వేరేవాళ్ల బండ్లకు "కంగ్టి, కంగ్టి" అని కేకలేసి జనాన్ని పిలిచే పనికి కుదిరాడు. పదిహేనేళ్లు డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషి. అది చూడలేక ఒకరోజు స్టాండులోనే అన్న మీద విరుచుకుపడ్డాను. తప్పు చేసినవాడికి కోపం ఎక్కువ.

"నొస్తుందని ఒక్క మాట చెప్తే అయిపోవు గదనే! రెండేండ్లు నోరు మూసుకుని ఎందుకున్నవు?"

అన్న నా వైపు ఆశ్చర్యంగా చూశాడు.

"చెప్పిన గద తమ్మీ. నువ్వు జహీరాబాద్ పోయిన కొత్తలనే చెప్పిన. కాలు గుంజుతుంది, బరువుది ఏపిద్దామన్న. నువ్వు నవ్వినవు. ముందు గేర్లేసుడు నేర్చుకో అన్నవు."

అది నాకు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా, ఇన్నేళ్లయినా గుర్తు రావడం లేదు. అన్న అబద్ధం చెప్పే మనిషి కాదు, కాబట్టి నవ్వే ఉంటాను.